పెత్తనం వదులుకున్న రౌటర్

వైఫై రౌటర్ పేరుతో దుకాణాల్లో అమ్మే డబ్బాలో రౌటర్ ఒక్కటే ఉండదు. నాలుగు పోర్టుల స్విచ్, పరికరాలకు ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ, చిన్నపాటి ఫైర్‌వాల్, వైర్‌లెస్ యాక్సెస్ పాయింట్ కూడా అందులోనే ఉంటాయి. ఇవన్నీ వేర్వేరు అవసరాల కోసం పుట్టి, సౌలభ్యం కోసం ఒకచోట చేరాయి. ఫైర్‌వాల్ విడిగా పెట్టుకున్న చోట వాటిని మళ్లీ విడదీయక తప్పదు.

మొదట ఫైర్‌వాల్ సంగతి. 1988 నవంబర్‌లో మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రామ్ తనంతట తానే పాకుతూ వేలాది కంప్యూటర్లను స్తంభింపజేశాక, ఇంటర్నెట్‌లో అందరినీ నమ్మే రోజులు పోయాయి. 1992లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఫైర్‌వాల్‌ను అమ్మకానికి పెట్టింది. 1994లో చెక్ పాయింట్ తెచ్చిన ఫైర్‌వాల్-1 మరో అడుగు ముందుకేసింది. లోపలి నుంచి మొదలైన సంభాషణలను గుర్తుపెట్టుకుని, వాటికి వచ్చే జవాబులను లోపలికి రానిచ్చేది.

అదే ఏడాది మే నెలలో ఈగెవాంగ్, ఫ్రాన్సిస్ నాట్ (నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్) పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 1631 అనే పత్రంలో వివరించారు. వాళ్ల బెంగ భద్రత గురించి కాదు, ఐపీ అడ్రస్‌ల కొరత గురించి. 1996లో 192.168తో మొదలయ్యే అడ్రస్‌లు సొంత నెట్‌వర్క్‌ల వాడకానికి ఖరారయ్యాయి. ఇంట్లో ఎన్ని పరికరాలున్నా బయటికి ఒకే అడ్రస్ చాలు. పిలవకుండా వచ్చిన ప్యాకెట్‌ను లోపల ఎవరికివ్వాలో నాట్ పట్టికలో ఉండదు కాబట్టి అది అక్కడే ఆగిపోతుంది. దాంతో చాలామంది నాట్‌నే రక్షణ అనుకున్నారు.

వైర్‌లెస్ దారి వేరు. 1985లో అమెరికా ఎఫ్‌సీసీ 2.4 గిగాహెర్ట్జ్ సహా కొన్ని బ్యాండ్లలో లైసెన్సు లేని వాడకానికి తలుపు తెరిచింది. 1997లో వచ్చిన 802.11 ప్రమాణం వేగం సెకనుకు 2 మెగాబిట్లు, 1999 నాటికి అది 11కు చేరింది. యాక్సెస్ పాయింట్ అసలు పని తీగ మీది సమాచారాన్ని గాలిలోకి, గాలిలోది తీగ మీదికి చేరవేయడం మాత్రమే. 1999లో ఆపిల్ ఎయిర్‌పోర్ట్ దానికి మోడెమ్‌ను, నాట్‌ను జతచేసింది. 2002 చివర్లో వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీతో అన్నీ కలిసిన డబ్బా ఇంటింటి వస్తువైంది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు లైసెన్సు బెడద తొలగింది 2005లో.

అన్నీ కలిసిన డబ్బా ఇళ్లలోకి వస్తున్న రోజుల్లోనే విడదీత కూడా మొదలైంది. 2003లో మోనోవాల్, దాని నుంచి చీలిన పీఎఫ్‌సెన్స్ (తొలి పూర్తి వెర్షన్ 2006) మామూలు కంప్యూటర్‌ను గట్టి ఫైర్‌వాల్‌గా మార్చాయి. దాని వెనక వైఫై కోసం పాత రౌటర్‌ను తగిలిస్తే కొత్త చిక్కు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. నాట్ రెండుసార్లు జరుగుతుంది, బయటి ప్యాకెట్లను లోపలి పరికరానికి పంపే పోర్ట్ ఫార్వర్డింగ్ నియమాలు రెండుచోట్ల రాయాలి, ఫైర్‌వాల్ లాగ్‌లో ఇంట్లోని ఫోన్లన్నీ ఒకే అడ్రస్‌గా కనిపిస్తాయి.

పరిష్కారం రౌటర్ చేత పని మాన్పించడమే. దాని డీహెచ్‌సీపీ ఆపేయాలి. ఫైర్‌వాల్ నెట్‌వర్క్‌లోనే, అది పంచే అడ్రస్‌ల వరుసకు బయట, రౌటర్‌కు ఒక స్థిరమైన అడ్రస్ ఇవ్వాలి. ఫైర్‌వాల్ కేబుల్‌ను వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) పోర్టులో కాక ల్యాన్ (ఇంటి వైపు) పోర్టులో పెట్టాలి. నాట్ జరిగేది వ్యాన్ వైపు దాటేటప్పుడే. ల్యాన్ పోర్టులు, వైఫై రేడియో ఒకే నెట్‌వర్క్‌గా కలిసి ఉంటాయి కాబట్టి ఆ దారిలో రౌటింగ్ ప్రసక్తే రాదు. ఈ కిటుకు ఎంత పాకిందంటే, తయారీదారులు చాలామంది సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని విడిగా పెట్టారు. అందులో కొన్ని మోడళ్లు వ్యాన్ పోర్టును కూడా ల్యాన్‌లో కలిపేస్తాయి.

అయితే ఈ అమరికకు హద్దుంది. ఒకే ల్యాన్‌లోని రెండు ఫోన్ల మధ్య సంభాషణ ఫైర్‌వాల్ దాకా వెళ్లదు. అతిథులను వేరుచేయాలంటే 1998 నాటి 802.1క్యూ ప్రమాణం ప్రకారం ఒకే తీగ మీద వేర్వేరు నెట్‌వర్క్‌లు నడిపే వీల్యాన్ తెలిసిన యాక్సెస్ పాయింట్ కావాలి. 2001లో వైఫై తొలి రక్షణ అయిన వెప్ రహస్యలిపి బద్దలైన ఉదంతం చెప్పినట్టు, గాలిలో వెళ్లే సమాచారాన్ని కాపాడేది వైఫై భద్రతే. అందుకే మిగతా బాధ్యతలన్నీ దించేసినా, కనీసం డబ్ల్యూపీఏ2, ఎప్పటికప్పుడు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఆ పాత డబ్బాకు ఇంకా అవసరమే.