సగం రేజ్‌లో చచ్చే బండి

సూరత్‌లో, భేస్తాన్ దగ్గర బండి దగ్గింది. ఒకసారి. ఇంకోసారి. సైలెన్సర్‌లో ఠప్‌మని పేలింది. వెనకాల, తడిసిన బట్ట మూటలు నెత్తికెత్తుకున్న టెంపో ఒకటి హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా తరుముకొస్తోంది. పక్కకు తప్పుకుందామంటే బండిలో ఊపు లేదు. భయంతో కుర్రాడు ఎక్స్‌లేటర్ ఆఖరిదాకా తిప్పేశాడు. చావబోయిన బండి లేచి ఉరికింది.

అదే అర్థం కాలేదు వాడికి.

రాత్రి ఎనిమిది. పాండేసర. ఆగని వాన. జీఐడీసీ డైయింగ్ మిల్లుల నుంచి రంగునీళ్ల వాసన సందుల్లోకి పాకుతోంది, పక్క షెడ్డులో మగ్గాలు గోడ అదిరేలా దడదడలాడుతున్నాయి, ఆ మోతలోనే, రేకుల కింద వేలాడే ఒక్క బల్బు వెలుతురులో, సిరిసిల్ల నుంచి సాంచాల పనికని వచ్చి బండ్ల పనిలో స్థిరపడిన మేస్త్రీ బీడీ వెలిగించుకుంటున్నాడు. కుర్రాడు బండి తోసుకొచ్చి ఆయన ముందు నిలబెట్టాడు.

"మామా, పొద్దుగాల నాలుగింటికి బయలెల్లాలె. అక్క లగ్గం. రైలు టికెట్ దొరకలే."

"ఈ బండి మీద ఊరికా? సాపుతారా ఘాట్ ఎక్కుతవా దీంతోని?"

కుర్రాడు మాట్లాడలేదు. ఇప్పటికే ఇద్దరు మెకానిక్‌లు చూశారు. ఒకడు పెట్రోలు కల్తీ అన్నాడు, ట్యాంకు ఖాళీ చేయించాడు. ఇంకొకడు ప్లగ్గు మార్చాడు, ఫిల్టరు మార్చాడు, డబ్బులు తీసుకున్నాడు. మేస్త్రీ మాత్రం స్పానర్ ముట్టుకోలేదు. అడగడం మొదలుపెట్టాడు.

"సల్లగున్నప్పుడు ఎట్ల పోతది?"

"మంచిగనే పోతది. ఐదారు నిమిషాలు."

"మొత్తం తిప్పితే?"

"గప్పుడు గూడ పోతది. నడుమల్నే సస్తది మామా."

బీడీ కింద పడింది. మేస్త్రీ సీటు తాళం అడిగాడు.

సీటు లేచింది. బ్యాటరీ పక్కన, ప్లాస్టిక్ ట్యాగులతో కట్టి, అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా. కంపెనీ పెట్టింది కాదు. "పాత ఓనర్ పెట్టిచ్చిండు. పికప్ కోసమని," అన్నాడు కుర్రాడు. ఆ మాట అంటున్నప్పుడు కాస్త గర్వం కూడా ఉంది.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో కొత్త బండ్లన్నీ బీఎస్-6. కార్బురేటర్ దాదాపు పోయింది. పెట్రోలు ఎంత పడాలో లెక్క కట్టేది ఈసీయూ. సైలెన్సర్ పైపులో దిగిన ఆక్సిజన్ సెన్సర్ పొగ పసిగట్టి దానికి కబురు పంపుతుంది. 1976లో బాష్ వాళ్లు వోల్వో కార్లకు మొదట తగిలించిన సెన్సరే, ఇప్పుడు మన బండి దాకా వచ్చింది. గాలి 14.7 పాళ్లు, పెట్రోలు ఒక పాలు, అదీ లెక్క. పెట్రోలు తగ్గితే 0.1 వోల్టు వైపు, ఎక్కువైతే 0.9 వైపు. ఈ నల్ల డబ్బా సెన్సర్‌కూ ఈసీయూకూ మధ్య వైరులో దూరి, కబురును కాస్త మార్చి, కాస్త ఎక్కువ పెట్రోలు పోయిస్తుంది. సెన్సర్ బాగా వేడెక్కితేగానీ పలకదు. చల్లగా ఉన్నంతసేపు ఈసీయూ దాని మాట వినదు. ఎక్స్‌లేటర్ పూర్తిగా తిప్పినప్పుడూ మామూలుగా వినదు. వినేది మధ్యలోనే.

బండి చచ్చేదీ మధ్యలోనే.

మేస్త్రీ ప్లగ్గు విప్పాడు. తెల్లగా, సున్నం పూసినట్టు ఉంది. పెట్రోలు ఎక్కువ పోయించాల్సిన డబ్బా ఉండగా, ఇంజిన్ పెట్రోలుకు మొహం వాచి ఉంది. ఆయన దృష్టి డబ్బా ఎర్త్ వైరు మీద పడింది. పెయింటు గీకకుండానే చాసిస్ బోల్టుకు బిగించారు. దొంగ దొరికాడనుకున్నాడు కుర్రాడు. పెయింటు గీకారు, వైరు నేరుగా బ్యాటరీ మైనస్‌కు తెచ్చారు, ఇంజిన్ వేడెక్కించారు.

ఠప్.

మళ్లీ అదే దగ్గు. పది దాటింది. కుర్రాడు ఫోన్ తీసి బస్సు టికెట్ల కోసం వెతకడం మొదలుపెట్టాడు.

"ఆగు," అన్నాడు మేస్త్రీ. పక్కింట్లో చీరలకు ముత్యాలు కుట్టే ఆమెను అడిగి రెండు గుండుసూదులు తెచ్చాడు. ఒకటి డబ్బాలోకి వచ్చే వైరు కప్లర్‌లో వెనక నుంచి దూర్చాడు. ఇంకొకటి డబ్బా నుంచి ఈసీయూకు పోయే వైరులో. మీటర్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కు పట్టాడు. ఇంజిన్ సగం రేజ్‌లో పెట్టించాడు.

మొదటి సూది. 0.1. సెన్సర్ మొత్తుకుంటోంది, పెట్రోలు చాలట్లేదని.

రెండో సూది. 0.8.

కుర్రాడు రేజ్ తగ్గించాడు, పెంచాడు. 0.8. మేస్త్రీ డబ్బా మీద తట్టాడు. 0.8. ఆకలి అని సెన్సర్ అరుస్తుంటే, కడుపు ఉబ్బిపోయిందని ఈ దుబాసీ ఈసీయూకు చెబుతున్నాడు. పాపం, ఈసీయూ ఏం చేస్తుంది? ఉన్న పెట్రోలు కూడా కోసేస్తోంది. 0.8 ఎక్కడా లేని అంకె కాదు, నిజంగా వచ్చేదే. అందుకే మీటర్ బోర్డులో ఇంజిన్ లైటు కూడా వెలగలేదు.

రెండు కప్లర్లు ఊడబీకి, డబ్బాను తప్పించి, కంపెనీ కప్లర్‌ను దాని జతకు నొక్కాడు మేస్త్రీ. టక్. ఈసీయూ పాత లెక్క మర్చిపోవాలని బ్యాటరీ వైరు తీసి కాసేపు ఆగాడు. స్టార్ట్. సూది దగ్గర అంకె ఇప్పుడు ఊగుతోంది: 0.2, 0.7, 0.3, 0.8. బండి వానలో ఉధనా దాకా వెళ్లి వచ్చింది. ఒక్క దగ్గు లేదు.

"అయిపాయె కద మామా!"

"కాలే." మేస్త్రీ డబ్బా మళ్లీ తగిలించాడు. కుర్రాడు నోరెళ్లబెట్టాడు. బాగైన బండిని చేతులారా పాడు చేస్తాడా ఎవడైనా? తీస్తే బాగవడం ఒక్కటే చాలదు, పెడితే పాడవడమూ కళ్లతో చూడాలి ఆయనకు. నాలుగు నిమిషాలు. అంకె 0.8 దగ్గర బిగుసుకుంది.

ఠప్.

"గిప్పుడు అయింది."

డబ్బా బయటకొచ్చింది. కుర్రాడు ఊరుకోలేక పాత ఓనర్‌కు ఫోన్ కొట్టాడు. తిడదామనే కొట్టాడు. అవతలివాడు అంతా విని, తీసేశావా అయితే నాకు పంపెయ్, మా తమ్ముడి బండికి పెట్టుకుంటాం అన్నాడు. స్పీకర్‌లో ఆ మాట మేస్త్రీ చెవిన పడింది.

కటింగ్ ప్లేయర్ అందుకున్నాడు. డబ్బా వైర్లు మొదలంటా కత్తిరించి కుర్రాడి చేతిలో పెట్టాడు.

"ఇగ పంపియ్."