సూత్రం చెప్పినాయన చేతిలోంచి జారిపోయిన అమ్మోనియా

ఈరోజు కథని గోలీసోడాతో మొదలుపెడదాం.

సోడా బండి దగ్గర గోలీని లోపలికి నొక్కగానే కీచుమని శబ్దం వస్తుంది, బుడగలు పైకి ఉరుకుతాయి. మూత బిగించి ఉన్నంతసేపూ ఆ బుడగలు ఎక్కడున్నాయి? నీళ్లలోనే కరిగి ఉన్నాయి. లోపల గ్యాస్ కొంచెం బయటికి వస్తూ ఉంటుంది, అంతే గ్యాస్ మళ్లీ నీళ్లలోకి పోతూ ఉంటుంది. స్టాపులో పది మంది దిగి, పది మంది ఎక్కిన బస్సు లాంటిదన్నమాట. లోపల మనుషులు మారుతున్నారు, లెక్క మాత్రం మారట్లేదు. దీన్నే సమతాస్థితి అంటారు. గోలీ నొక్కి ప్రెషర్ తగ్గించారు, గ్యాస్ బయటికి వచ్చేసింది. అదే సోడాని ఎండలో పెడితే ఇంకా త్వరగా చప్పబడిపోతుంది. ప్రెషర్ ఒకటి, వేడి ఒకటి. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, కథంతా వీటి మీదే నడుస్తుంది.

1884లో ఫ్రాన్స్‌లో హెన్రీ లీ షాటెలియర్ అనే ఆయన దీన్ని ఒక సూత్రంగా చెప్పాడు. చదివింది మైనింగ్ ఇంజినీరింగ్, పని చేసింది సిమెంటు మీద, మంటల మీద. ఆయన చెప్పిందాని సారాంశం ఇది: సమతాస్థితిలో ఉన్నదాని మీద మనం ఏదైనా మార్పు రుద్దితే, ఆ మార్పుని కొంతవరకు తగ్గించే వైపుకి అది జరుగుతుంది. ప్రెషర్ పెంచితే తక్కువ చోటు పట్టే వైపుకి పోతుంది. వేడి పెంచితే వేడిని మింగే వైపుకి పోతుంది. ఇంటర్‌లో రెండు మార్కుల కోసం మనం బట్టీ పట్టింది ఇదే.

ఇప్పుడు 1898కి వద్దాం. ఇంగ్లాండులో విలియం క్రూక్స్ అనే శాస్త్రవేత్త ఒక సభలో పెద్ద హెచ్చరిక చేశాడు. జనాభా పెరుగుతోంది, గోధుమ సరిపోదు, పొలాలకి నత్రజని ఎరువు కావాలి. అప్పట్లో ఆ ఎరువు ఎక్కువగా వచ్చేది దక్షిణ అమెరికాలోని చిలీ ఎడారి నుంచి. అక్కడ నేలలో దొరికే నైట్రేట్ ఉప్పుని తవ్వి, ఓడల్లో తెచ్చేవాళ్లు. తవ్వేది ఎప్పటికైనా అయిపోతుంది కదా? మరి గాలిలో 78 శాతం నత్రజనే ఉంది. దాన్ని నేలకి దింపే దారి కెమిస్టులే వెతకాలి అన్నాడు క్రూక్స్.

దారి కాగితం మీద సులువే. ఒక నత్రజని అణువు, మూడు హైడ్రోజన్ అణువులు కలిస్తే రెండు అమ్మోనియా అణువులు. నాలుగు కాస్తా రెండు అవుతున్నాయి, అంటే చోటు తగ్గుతోంది. సో, ప్రెషర్ పెంచితే అమ్మోనియా ఎక్కువ రావాలి. ఈ సంగతి సూత్రం చెప్పినాయనకి తెలియదా? తెలుసు. 1901లో లీ షాటెలియర్ స్వయంగా ప్రయత్నించాడు. 200 అట్మాస్ఫియర్ల ప్రెషర్, 600 డిగ్రీల వేడి. కానీ పరికరంలోకి గాలి చేరింది. గాలి అంటే ఆక్సిజన్. ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసి వేడెక్కితే ఇంకేముంది, పేలిపోయింది. సహాయకుడు కొద్దిలో బతికి బయటపడ్డాడు. ఆయన ఆ పని అక్కడితో వదిలేశాడు. ముసలితనంలో ఆయనే రాసుకున్నాడు, అమ్మోనియాని చేజార్చుకోవడం తన శాస్త్ర జీవితంలోకెల్లా పెద్ద పొరపాటని.

తర్వాత సీన్ జర్మనీలో. కార్ల్స్‌రూహే అనే ఊళ్లో ఫ్రిట్జ్ హేబర్ అనే ప్రొఫెసర్ ఇదే చర్యని కొలిచాడు. మామూలు ప్రెషర్‌లో, 1000 డిగ్రీల దగ్గర వచ్చిన అమ్మోనియా 0.01 శాతం అటూఇటూ. దీంతో వ్యాపారం జరగదని ఆయనే తేల్చేశాడు. 1907లో వాల్టర్ నెర్న్‌స్ట్ అనే పెద్ద శాస్త్రవేత్త, హేబర్ లెక్కలు తప్పని నిండు సభలో అన్నాడు. హేబర్‌కి అవమానంగా అనిపించింది. మళ్లీ కొలవడానికి కూర్చున్నాడు, ఈసారి ఎక్కువ ప్రెషర్‌లో.

ఇక్కడే అసలు చిక్కు ఉంది, జాగ్రత్తగా వినండి. అమ్మోనియా తయారయ్యేటప్పుడు వేడి బయటికి వస్తుంది. కాబట్టి సూత్రం ప్రకారం వేడి తక్కువ ఉంటేనే లాభం. హేబర్ లెక్కలే చూడండి. 200 అట్మాస్ఫియర్ల దగ్గర, 200 డిగ్రీలైతే 86 శాతం దాకా అమ్మోనియా రావచ్చు. అదే 500 డిగ్రీలైతే 18 శాతం లోపే. మరి 200 డిగ్రీల్లోనే చేయొచ్చుగా? చేయొచ్చు, కానీ అది ఎప్పటికి తయారవ్వాలి! నత్రజని అణువులో రెండు పరమాణువులు ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకుని ఉంటాయి. తక్కువ వేడిలో అవి కదలవు. చర్య ఎటు మొగ్గుతుందో సూత్రం చెబుతుంది. ఎంత వేగంగా వెళ్తుందో మాత్రం చెప్పదు.

అందుకని హేబర్ రాజీపడ్డాడు. వేడి 500, 600 డిగ్రీల మధ్య ఉంచాడు, ప్రెషర్ బాగా పెంచాడు, వేగం కోసం ఆస్మియం అనే అరుదైన లోహాన్ని ఉత్ప్రేరకంగా పెట్టాడు. ఇంకో తెలివైన పని కూడా చేశాడు. తయారైన కొద్ది అమ్మోనియాని చల్లబరిచి బయటికి తీసేసి, మిగిలిన గ్యాస్‌ని మళ్లీ లోపలికి తిప్పాడు. తీసేసిన కొద్దీ చర్య మళ్లీ అటే జరుగుతుంది. ఇదీ లీ షాటెలియర్ సూత్రమే. ఒక్కో రౌండులో వచ్చేది కొంచెమే అయినా, రౌండ్లు ఆగవు కదా.

ఆ పరికరాన్ని కట్టింది రాబర్ట్ లె రోసిన్యోల్ అనే యువకుడు. 1909 జూలై 2న బాస్ఫ్ కంపెనీ నుంచి కార్ల్ బాష్, ఆల్విన్ మిట్టాష్ చూడటానికి వచ్చారు. తీరా బిగించేటప్పుడు ఒక బోల్టు ఊడింది. బాగు చేయడానికి గంటలు పట్టింది. బాష్ వెళ్లిపోయాడు, మిట్టాష్ ఆగాడు. సాయంత్రానికి గొట్టంలోంచి ద్రవ అమ్మోనియా చుక్కలు చుక్కలుగా పడింది, నిమిషానికి సుమారు 2 మిల్లీలీటర్లు. ప్రపంచం తిండి కథ ఆ చుక్కల్లో మారింది.

చుక్కల నుంచి టన్నులకి తీసుకెళ్లింది బాష్, మిట్టాష్. ఆస్మియం లోకంలో ఉన్నదే కాస్త. మిట్టాష్ బృందం వేల పదార్థాలు పరీక్షించి, చివరికి చవకైన ఇనుముకి అల్యూమినా, పొటాష్ లాంటివి కొంచెం కలిపితే చాలని తేల్చింది. బాష్‌కి ఇంకో తలనొప్పి. ఆ వేడిలో హైడ్రోజన్ స్టీలులోకి దూరి కార్బన్‌ని లాగేస్తోంది, 80 గంటలకే గొట్టాలు పగిలిపోతున్నాయి. లోపల మెత్తని ఇనుప తొడుగు వేసి, బయటి స్టీలుకి చిన్న చిన్న చిల్లులు పెట్టాడు. దూరిన హైడ్రోజన్ అక్కడే బయటికి పోతుంది. 1913లో ఓప్పావ్‌లో ఫ్యాక్టరీ మొదలైంది.

మరుసటి ఏడాదే యుద్ధం వచ్చింది. చిలీ ఓడలు ఆగిపోయాయి. అదే అమ్మోనియాతో జర్మనీ పేలుడు పదార్థాలు చేసుకుని యుద్ధం సాగదీసింది. 1915లో ఈప్ర దగ్గర క్లోరిన్ విషవాయువు దాడిని దగ్గరుండి నడిపించింది కూడా ఈ హేబరే. 1918 నోబెల్ బహుమతీ ఆయనకే. ఈ మనిషిని ఏ తక్కెడలో తూచాలో మీరే చెప్పండి.

ఇక మన దగ్గరికి వస్తే, రామగుండంలో బొగ్గుతో నడిచిన పాత ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. అక్కడే గ్యాస్‌తో నడిచే కొత్త ప్లాంటు 2021లో మొదలైంది. ఆ యూరియాకి మూలం అమ్మోనియానే, చేసే పద్ధతి కూడా హేబర్, బాష్‌లదే. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకి పైగా నత్రజని ఉంటుంది, అదంతా గాలిలోంచి దించిందే. ప్రపంచంలో దాదాపు సగం మంది తిండి ఈ పద్ధతి మీదే ఆధారపడి ఉందని అంచనా.

లీ షాటెలియర్‌కి దారి తెలుసు. ఆగిపోయింది గొట్టంలో చేరిన కాస్త గాలి దగ్గర. సూత్రం తెలిసినవాడికీ, పని పూర్తి చేసినవాడికీ మధ్య ఒక బోల్టు, ఒక తొడుగు, వేల పరీక్షలు ఉన్నాయి. ఈసారి గోలీసోడా తాగేటప్పుడు ఒక్క నిమిషం ఆ బుడగల్ని చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.