అడ్డపొగ చెప్పే జవాబు

చుట్ట వెలిగించి, మండే కొసను నోట్లో పెట్టుకుని పొగ పీల్చడాన్ని ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ అంటారు. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలోనే ఈ అలవాటు ఎక్కువ. గాలివానల్లో పనిచేసేటప్పుడు నిప్పు ఆరకుండా ఉంటుందనీ, చుట్ట ఎక్కువసేపు వస్తుందనీ చెబుతుంటారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనంలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్ళేనని తేలింది. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి అంటుకుంటూ వచ్చిన ఇలాంటి అలవాటును మాన్పించడం ఎవరి తరం అనిపిస్తుంది. కానీ పొగ మానాలనుకునే ప్రతి మనిషినీ వేధించే సందేహాలకు జవాబులు ఈ ఆచారపు చరిత్రలోనే ఉన్నాయి.

తాతముత్తాతల నాటి అలవాటు పోతుందా అన్నది మొదటి సందేహం. అమృతపు చుక్క నేల రాలి పొగచెట్టయిందని చమత్కరించే పద్యం మనకుంది గానీ, పొగాకు అమెరికా ఖండంలో పుట్టిన మొక్క. పోర్చుగీసు వర్తకుల ఓడలతోనే అది ఈ దేశానికి వచ్చింది. మొగలు దూతగా బిజాపూరు వెళ్ళిన అసద్ బేగ్ 1600ల తొలి ఏళ్ళలో పొగాకును అక్బరు కొలువులో సమర్పిస్తే, ఆస్థాన వైద్యుడు అప్పుడే అభ్యంతరం చెప్పాడు. 1617లో జహంగీరు పొగతాగడాన్ని నిషేధించాడు. ఆ ఫర్మానా పనిచేయలేదు. పొగాకు గోదావరి లంకల దాకా పాకి, పంటగా స్థిరపడింది. దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. ఈ అలవాటు అనాదిది కాదు, నాలుగు వందల ఏళ్ళ కిందట బయటినుంచి వచ్చింది. ఒక్క హుకుంతో పోయేదీ కాదు.

మా తాత చుట్ట తాగుతూనే తొంభై ఏళ్ళు బతికాడు కదా అన్నది రెండో వాదన. తాత బతికిన మాట నిజమే కావచ్చు. కానీ ఒక్క మనిషి ఆయుష్షు ఎంతోమంది నోళ్ళు చెప్పే సాక్ష్యాన్ని కొట్టివేయలేదు. మామూలుగా పొగతాగేవాళ్ళలో అంగిలి క్యాన్సరు అరుదు. విశాఖ ప్రాంతంలో మాత్రం అది తరచుగా కనిపించడాన్ని 1945లోనే బొంబాయి వైద్య శాస్త్రవేత్త ఖనోల్కర్ గుర్తించి, అడ్డపొగతో ముడిపెట్టాడు. నిప్పు, పొగ నేరుగా ఎక్కడ తగిలితే అక్కడే రోగం పుట్టింది. విధిరాత అనుకుంటే ఆ రోగం సరిగ్గా నిప్పు తగిలిన చోటునే ఎందుకు ఎంచుకుంటుంది?

ఇన్నేళ్ళు తాగాక ఇప్పుడు మానితే ఏం లాభం అన్నది అన్నిటికంటే బరువైన ప్రశ్న. దీనికి జవాబు వెతికిన ప్రయత్నాల్లో శ్రీకాకుళం పల్లెలకూ చోటుంది. శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో దాదాపు 36 వేల మంది పొగాకు వాడకందార్లను వైద్య బృందాలు ఏటేటా కలిశాయి. నోరు పరీక్షించి, ఎదురుగా కూర్చుని నచ్చజెప్పాయి. ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అలాంటి బోధన లేని కాలంలో గమనించిన వాళ్ళతో పోలిస్తే ఈసారి ఎక్కువమంది మానేశారు లేదా తగ్గించారు. క్యాన్సరుకు ముందు వచ్చే తెల్లమచ్చలు కూడా తక్కువమందికే వచ్చాయి. ఫర్మానా సాధించలేనిది ముఖాముఖి మాట కొంతమేరకైనా సాధించింది. అందరూ మానలేదు కదా అనవచ్చు. నిజమే, కానీ మానినవాళ్ళు కూడా అవే పల్లెల్లో, అదే అలవాటు మధ్య బతికినవాళ్ళే. ఇక వయసు మాటకొస్తే, బ్రిటిష్ వైద్యులను 1951 నుంచి యాభై ఏళ్ళు గమనించిన రిచర్డ్ డాల్ బృందం లెక్క స్పష్టంగా ఉంది. ముప్ఫయ్యో ఏట సిగరెట్టు మానితే దాదాపు పదేళ్ళు, నలభైలో తొమ్మిది, యాభైలో ఆరు, అరవైలో మానినా మూడేళ్ళ ఆయుష్షు కలిసివస్తుంది.

మానితే కొత్త జబ్బు చేస్తుందన్న భయానికి కొంత ఆధారం ఉంది. చిరాకు, నిద్రలేమి, మలబద్ధకం, ఆకలి పెరగడం నిజంగానే వస్తాయి. నికోటిన్‌కు అలవాటుపడ్డ ఒళ్ళు అది అందక పడే యాతన అది. మొదటి వారంలో ముదిరి, కొన్ని వారాల్లో చాలామటుకు సద్దుమణుగుతుంది. ఒకసారి మాని మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు తమను తాము నిందించుకోనక్కర్లేదు. చాలామంది పలుమార్లు ప్రయత్నించాకే గట్టెక్కారు. ఒంటరిగా చేతకాకపోతే డాక్టరు సలహాతో నికోటిన్ చూయింగ్ గమ్, మందులు వాడవచ్చు. కేంద్ర ప్రభుత్వం నడిపే 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మీ ఇంట్లో చుట్టో, బీడీయో, సిగరెట్టో మానాలనుకునే మనిషి ఉంటే ఎగతాళి చేయకండి, గద్దించకండి. పక్కన కూర్చుని మాట్లాడండి, ఆ నంబరు కలిపి ఇవ్వండి.