బ్రేకు గొట్టము - తుప్పుతో పోరాటము

మూసియున్న ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్ని దిక్కులకును సమానముగా ప్రసరించునని 17వ శతాబ్దమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ తెలిపెను. ఈ సూత్రమును మోటారు బ్రేకునకు అన్వయించి, అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ 1917లో పేటెంటు పొందెను. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రములకును ద్రవపు బ్రేకులతో వెలువడినది.

డ్రైవరు కాలి ఒత్తిడిని చక్రములకు చేర్చునది సన్నని ఉక్కు గొట్టమే. చలిదేశములలో మంచు కరుగుటకై రోడ్లపై చల్లు ఉప్పు దానిని వెలుపలినుండి తినివేయును. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనుటచే లోపల కూడ తుప్పు పట్టవచ్చును. ఇట్లు పలుచబడిన గొట్టము మామూలు ఒత్తిడికి తట్టుకొని, ఆపద ఎదురై పెడలును బలముగా తొక్కిన క్షణముననే పగులవచ్చును. పూర్వపు బండ్లలో అప్పుడు ఒక్క రంధ్రముతో నాలుగు చక్రముల బ్రేకులును పోయెడివి. అందుచేతనే ద్రవమార్గమును రెండుగా విభజించు పద్ధతి 1960 దశకములో వ్యాప్తికి వచ్చినది.

తుప్పునకు మందు లోహశాస్త్రము చూపినది. సుమారు 90 పాళ్లు రాగి, 10 పాళ్లు నికెలు, కొద్దిగా ఇనుము గల మిశ్రలోహపు గొట్టములను స్వీడను దేశపు వోల్వో సంస్థ 1976 నుండి వాడెను. ఈ లోహము ఉప్పునకు లొంగదు, చేతితోనే వంగును. కనుక ఇంటివద్ద పాత గొట్టములను తామే మార్చుకొనువారికిని ఇది అనువైనది.

అయితే పని అంతటితో తీరదు. గొట్టపు కొనను వెడల్పు చేయుటకు ముందే నట్టును ఎక్కించవలెను. అతుకులు కారరాదు. లోపలి గాలిని పూర్తిగా వెలికి తీయవలెను. ద్రవము నొక్కినను దాదాపు అణగదు, గాలి అణగును. గాలి మిగిలినచో పెడలు మెత్తగా దిగునే కాని బండి ఆగదు.