కోరంగి దోనె, రంగం స్టీమరు, కొలబద్ద

మన వాళ్ళు ఓడెక్కి వచ్చారు. ఈ సంచిక చేతపట్టుకున్న ప్రతి ఇంట్లోనూ ఈ ఒక్క మాట తరతరాలుగా చెప్పుకుంటూనే వున్నాము. ఆ ఓడ ఎంత పొడుగు, ఎంత వెడల్పు, మనుషులు ఎక్కడ పడుకునేవారు, ఎక్కడ వండుకునేవారు అని పిల్లలడిగితే మాత్రం పెద్దలు చేతులు చాచి చూపిస్తారు. ఒకరి చేతులకూ మరొకరి చేతులకూ పొంతన వుండదు. లమ్మడాలోని మా సాయంకాలపు తెలుగు తరగతిలో ఓడల నమూనాలు కట్టడం మొదలైనది ఇందుకే. డబ్బాలో దొరికే ప్లాస్టిక్ ముక్కలు అతికించే పని కాదిది. బద్ద చీల్చడం మొదలు తాడు పేనడం వరకు అన్నీ కొలిచి, లెక్కకట్టి, స్వంత చేతులతో చెయ్యడం.

లమ్మడా అంటే బర్మా భాషలో రాజమార్గమని అర్థం. పేరు రాజులది, బ్రతుకు రేవుది. వీధి వెంట దక్షిణంగా నడిస్తే స్ట్రాండు రోడ్డు, అది దాటితే రంగం నది, అవతలి ఒడ్డున దలా. బర్మా వాళ్ళు మన తెలుగు వాళ్ళను చాలాకాలం పిలిచిన పేరు కోరంగీలు. మనలో చాలామందికి కోరంగి ఎక్కడుందో తెలియదు గాని పేరు మాత్రం నెత్తిన మోశాము. గోదావరి ముఖద్వారాన, కాకినాడకు దక్షిణంగా వున్న ఆ వూరు ఒకప్పుడు పెద్ద రేవు. ఓడలు కట్టే చోటు, మరమ్మతు చేసే చోటు కూడా. 1789లోను, 1839లోను వచ్చిన తుపానులు, ఉప్పెనలు ఆ రేవును దెబ్బతీశాయి. కలకత్తాలో వుండి తుపానులను పరిశోధించిన హెన్రీ పిడింగ్టన్ 1848లో ‘సైక్లోన్’ అన్న మాటను పుట్టించాడు. కోరంగిని ముంచిన ఉప్పెన ఆయన చర్చించిన వాటిలో ఒకటి. నేడు లోకమంతా వాడే ఆ మాట వెనుక మన వూరి నీళ్ళు కూడా వున్నాయన్నమాట.

నమూనా కట్టాలంటే కథలు చాలవు, అంకెలు కావాలి. ఆ అంకెలు మాకు ఒక ఇంగ్లీషు ఓడల మేస్త్రీ దగ్గర దొరికాయి. ట్రింకోమలీ నౌకా కర్మాగారంలో పనిచేసిన జాన్ ఎడై 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో కోరమండల్, మలబారు తీరాల పడవలను గురించి వ్రాశాడు. అందులో మన తీరపు దోనె కొలతలున్నాయి. పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20, లోతు 12. అడుగు భాగం బల్లపరుపు. అది మధ్యలో 7 అడుగుల వెడల్పుండి, రెండు కొసలకూ పోయేసరికి 10 అంగుళాలకు సన్నబడుతుంది. ఎడై దొరకు దోనె మీద గొప్ప అభిప్రాయం లేదు, మోటు పడవ అన్నాడు. పోనివ్వండి, కొలతలు మాత్రం శ్రద్ధగా ఇచ్చాడు. పొగిడి కొలతలివ్వని వారి కంటె ఆయనే మనకు ఎక్కువ మేలు చేశాడని మా అభిప్రాయం.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. దోనె మంచి ఋతువులో తీరం వెంబడి తిరిగే పడవ. సముద్రానికి అడ్డంపడి పెగూ దేశానికి వెళ్ళినవి అంతకంటె గట్టి కోరంగి తెరచాప ఓడలు. కావున మన పూర్వులు దోనె మీదనే రంగం వచ్చారని చెప్పరాదు. అయినా మొదట దోనెనే ఎంచుకున్నాము, ఎందుకంటే దాని ఒళ్ళు మన వాళ్ళ చేతుల్లో పుట్టినది.

ఇక లెక్క. 48వ వంతు తీసుకున్నాము, అనగా అడుగుకు పావు అంగుళం. 70 అడుగుల ఓడ పదిహేడున్నర అంగుళాలవుతుంది. వెడల్పు 5, లోతు 3, అడుగు పలక మధ్యలో ఒకటీ ముప్పావు. ఎక్కాలంటే ముఖం చిట్లించే పిల్లలు ఈ భాగహారాలు ఒక్క సాయంత్రంలో ముగించారు. పాత టేకు కిటికీ చట్రం కోసి అడుగు పలక చేశాము. పక్క పలకలకు వెదురు ప్రయత్నిస్తే వంపు దగ్గర చీలిపోయింది. టేకు బద్దలనే పలుచగా చీల్చి, వేడినీళ్ళలో నానబెట్టి, దీపపు వేడి మీద మెల్లగా వంచితే మాట విన్నాయి. తెరచాపకు పాత పంచె ముక్కను తేయాకు నీళ్ళలో ఉడకబెట్టాము, కొత్త తెలుపు పోవాలి గదా. తాళ్ళకు నూలు దారం పేని తేనెమైనం రాశాము, లేకపోతే నూగు లేచి నమూనా మీద తాడు కొబ్బరి పీచులా కనబడుతుంది.

కొండపల్లిలో పొణికి కర్రతోనూ, ఏటికొప్పాకలో అంకుడు కర్రతోనూ బొమ్మలు చేస్తారు. అక్కడ కన్ను చెప్పినట్టు చెయ్యి పోతుంది. ఇక్కడ కొలబద్ద చెప్పినట్టు పోవాలి. ఈ తేడా పిల్లలకు బోధపడిన రోజున ఒక అమ్మాయి ఓడ మీద మనిషిని నిలబెట్టాలన్నది. అయిదున్నర అడుగుల మనిషి అంగుళమున్నర కూడా లేడు. ఆ మనిషిని పెట్టగానే ఓడ ఓడయింది. అంతవరకు చెక్కముక్కను చూస్తున్నట్టు చూసిన పెద్దలు లేచి దగ్గరకు వచ్చారు.

పడవలను ఇలా కొలిచి దాచినవారు మరొకరున్నారు. ఫ్రెంచి నౌకాధికారి ఎడ్మండ్ పారిస్ మూడుసార్లు ప్రపంచయాత్రలు చేస్తూ, మన తీరంతో సహా అనేక దేశాల పడవలను కొలిచి పటాలు గీశాడు. 1840 దశకంలో వాటిని గ్రంథంగా వేశారు. తరువాత 1871 నుండి 1893లో మరణించేవరకు పారిస్ నగరంలో లూవ్ర్‌లోని నౌకా ప్రదర్శనశాలకు అధిపతిగా వుండి, ఆ పటాలను బట్టి నమూనాలు కట్టించాడు. మన వాళ్ళు చేత్తో చేసి నోటితో నేర్పారు, కాగితం మీద పెట్టలేదు. చేతులు ఆగిపోతే విద్య పోతుంది. పరాయివాడు గీసిన పటం మిగులుతుంది.

తెరచాపల తరువాత ఆవిరి. 1856లో కలకత్తా–బర్మా కంపెనీగా పుట్టి, 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ అని పేరు మార్చుకున్న సంస్థ ఓడలే మన తాతలు ఎక్కిన రంగం స్టీమర్లు. నల్లని పొగగొట్టం మీద రెండు తెల్లని పట్టీలు వాటి గుర్తు. కాకినాడ దగ్గర సముద్రం లోతు లేనందున స్టీమరు తీరానికి చాలా దూరాన లంగరు వేసేది, జనం పడవల మీద వెళ్ళి ఎక్కాలి. ఓడ కంటె ఆ ఎక్కడమే భయమని మా తరగతిలోని ఒక మామ్మగారు తన అత్తగారి మాటగా చెప్పారు. స్టీమరు నమూనా చేసినపుడు పక్కన ఆ చిన్న పడవ కూడా వుండి తీరాలని ఆమె ఆజ్ఞ. మేస్త్రీలు పోగుచేసి తెచ్చిన కూలీలతో 1931 జనాభా లెక్కల నాటికి రంగం జనంలో సగానికి పైగా భారతీయులే.

రేవు నమూనా కూడా పెడదామని కుర్రవాళ్ళన్నారు. పెడితే 1930 కూడా చెప్పాలన్నాము. ఆ మే నెలలో తెలుగు రేవు కూలీలు జీతం కోసం సమ్మె చేశారు. వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. సమ్మె తీరి మన వాళ్ళు తిరిగిరాగానే బర్మా కూలీలను పొమ్మన్నారు. 26వ తేదీన కొట్లాట మొదలై నగరమంతా పాకింది, వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మన వాళ్ళే. ఇద్దరు పేదలను ఒకే మూట దగ్గర నిలబెట్టినవారు మాత్రం ఆ కొట్లాటలో లేరు.

1941 డిసెంబరు 23న రంగం మీద బాంబులు పడ్డాయి. 1942లో జపాను సైన్యానికి దక్కకూడదని ఐరావతి ఫ్లోటిల్లా కంపెనీ స్టీమర్లను వందలకొద్దీ స్వంతవారే ముంచివేశారు. ఆ స్టీమర్లలో చాలా వాటిని స్కాట్లండులోని డంబార్టన్‌లో డెన్నీ వారు కట్టారు. అక్కడ ఓడ కట్టే ముందు మైనంతో నమూనా చేసి, పొడవాటి నీళ్ళతొట్టిలో లాగి చూసేవారు. 1880 దశకపు ఆ తొట్టి నేటికీ ప్రదర్శనశాలగా వున్నది. నమూనా అంటే ఆటబొమ్మ అనేవారికి మేము ఈ తొట్టి సంగతి చెబుతాము.

1964లో దుకాణాలు జాతీయమై, యాభై, నూరు చాట్ల నోట్లు చెల్లక, మన వాళ్ళు వేలకొద్దీ మళ్ళీ ఓడెక్కారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేట పేరు ఆ రాకకు గుర్తు. వారు దిగిన ఆ వూళ్ళోనే 1948 మార్చి 14న నెహ్రూగారు ‘జల ఉష’ను నీళ్ళలోకి వదిలారు. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి ఆవిరి ఓడ అది. కోరంగి చేతులకు పని మళ్ళీ అదే తీరాన దొరికిందనుకోవచ్చు.

దోనె ఈ ఉత్సవంలో ప్రదర్శనకు సిద్ధంగా వున్నది. తరువాతది ఫ్లోటిల్లా వారి ‘సియాం’ తరగతి చక్రాల స్టీమరు, 326 అడుగులు. దోనె లెక్కన చేస్తే ఆరడుగుల తొమ్మిదిన్నర అంగుళాలై తరగతి తలుపు దాటదు గనుక 96వ వంతుకు దిగాము. నలభై అంగుళాల ముప్పావు. అయినా మాకున్న బల్ల చాలదు, రెండు బల్లలు కలపాలి. వర్షాకాలంలో జిగురు సరిగా ఆరదు కాబట్టి పని దీపావళి తరువాత మొదలవుతుంది.