తొలి విద్యుత్ కార్లు

బ్యాటరీ కారు నిన్న మొన్నటి వస్తువని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పెట్రోలు కారుకన్నా ముందే రోడ్డెక్కింది. 1859లో ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటె సీసపు పలకలను ఆసిడ్‌లో ముంచి, ఎన్నిసార్లయినా చార్జింగ్ పెట్టుకోగల బ్యాటరీని తయారుచేశాడు. 1881లో గుస్టావ్ త్రూవే పారిస్‌ వీధుల్లో మూడు చక్రాల బండిని విద్యుత్తుతో నడిపాడు. కార్ల్ బెంజ్ తన పెట్రోలు బండికి పేటెంట్ కోరింది 1886లో. 1899 ఏప్రిల్ 29న గంటకు 105.88 కిలోమీటర్ల వేగం అందుకుని, వంద దాటిన తొలి కారుగా పేరు తెచ్చుకున్నదీ విద్యుత్ కారే. దాన్ని నడిపినవాడు బెల్జియంవాడైన కామిల్ జెనాట్సీ.

1900లో అమెరికా కర్మాగారాల్లో 4,192 మోటారు బండ్లు తయారయ్యాయి. వాటిలో ఆవిరి బండ్లు 1,681, విద్యుత్ బండ్లు 1,575. పెట్రోలువి 936 మాత్రమే. న్యూయార్క్‌లో విద్యుత్ టాక్సీలు తిరిగేవి. అయిపోయిన బ్యాటరీని దించి, నిండినదాన్ని ఎక్కించే షెడ్లు కూడా వాటికి ఉండేవి.

జనం వీటిని ఎందుకు ఇష్టపడ్డారో తెలియాలంటే ఆనాటి పెట్రోలు కారును స్టార్ట్ చేయడం ఎలా ఉండేదో చూడాలి. బండి ముందుకెళ్లి, ఇనుప హ్యాండిల్‌ను ఇంజిన్‌లోకి దూర్చి, బలమంతా పెట్టి తిప్పాలి. ఇంజిన్ ఎదురు తన్నిందంటే హ్యాండిల్ వెనక్కి గిర్రున తిరిగి బొటనవేలో మణికట్టో విరిచేది. హైదరాబాద్ చిలకలగూడ చౌరస్తాలో ఆటో డ్రైవర్లు వంగి, లివరు పట్టుకుని నాలుగైదు సార్లు లాగడం చూసినవాళ్లకు ఆ అవస్థ కొంతైనా అర్థమవుతుంది. స్టార్టయ్యాక గేర్లతో తంటా, పొగ, చప్పుడు, కుదుపు. విద్యుత్ కారులో మీట కదిపితే చాలు, బండి కదిలేది. గేర్ల బాధ లేదు. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారులో చుక్కాని లాంటి కడ్డీతో బండిని తిప్పుకుంటూ, డ్రాయింగ్ రూములో కూర్చున్నట్టు కూర్చునేవారు. పెట్రోలు కార్ల మహారాజు హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా తిరిగిందీ అలాంటి కారులోనే.

నడపడానికి విద్యుత్ కారే మేలైన బండి అని నా అభిప్రాయం. దాని లోపమంతా బ్యాటరీ బరువులో ఉంది. కిలో పెట్రోలులో సుమారు 12,000 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. ఆనాటి కిలో సీసపు బ్యాటరీలో ఉండేది ఇరవై, ముప్పై. పెట్రోలు శక్తిలో అధిక భాగాన్ని ఇంజిన్ వేడిగా వృథా చేసినా కొన్ని పదుల రెట్ల తేడా మిగులుతుంది. అందుకే మామూలు విద్యుత్ కారు గంటకు ముప్పై కిలోమీటర్ల దగ్గర ఆగి, రాత్రంతా చార్జింగ్‌లో ఉండేది. మోటారు తప్పు ఏమీ లేదనడానికి సీతాఫల్‌మండి మీదుగా పోయే ఎంఎంటీఎస్ లోకల్ రైలే సాక్ష్యం. పైన తీగ ఉంది కాబట్టి అది బ్యాటరీని మోయనక్కర్లేదు.

కారుకు తీగ కట్టలేం. చార్జింగ్‌కైనా ఊళ్లో కరెంటు ఉండాలి కదా. విద్యుత్ కార్లకు మంచి రోజులు 1912 నాటికే ముగుస్తుంటే, హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం మొదలైంది 1920లో. నిజాం కొలువుకు చేరి, నేడు చౌమహల్లా ప్యాలెస్‌లో కనిపించే పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ 1912 నాటిది, పెట్రోలు బండి. పెట్రోలు డబ్బాను ఎక్కడికైనా మోసుకుపోవచ్చు, కరెంటును మోసుకుపోలేం. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైనప్పుడు అవి ఇంజిన్ బస్సులే.

చివరి దెబ్బ మాత్రం విద్యుత్తు నుంచే వచ్చింది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన విద్యుత్ స్టార్టరును 1912 మోడల్ కాడిలాక్ కార్లకు బిగించారు. మనం ‘సెల్ఫ్’ అనేది దాన్నే. చిన్న మోటారు, ఓ సీసపు బ్యాటరీ తెచ్చిపెట్టుకుని పెట్రోలు కారు తన పెద్ద లోపాన్ని దిద్దుకుంది. హ్యాండిల్ తిప్పే పని పోయింది. అప్పటికే ఫోర్డ్ మోడల్ టి ధర దిగుతూ వస్తోంది. 1908లో 850 డాలర్లున్న బండి 1925కు 260 డాలర్లకు చేరింది. టెక్సాస్‌లో 1901లో పొంగిన స్పిండిల్‌టాప్ చమురు బావి తర్వాత ఇంధనానికీ కొరత లేదు. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ సంస్థ పదమూడు వేల దాకా కార్లు తయారుచేసి, 1939 నాటికి ఉత్పత్తి ఆపేసింది.

ఆ తర్వాత చాలా ఏళ్లకు, బ్యాటరీ బరువు చిక్కును లిథియం బ్యాటరీలు చాలావరకు విప్పాయి. 2019 మార్చిలో తెలంగాణ ఆర్టీసీ శంషాబాద్ విమానాశ్రయానికి 40 విద్యుత్ బస్సులను నడపడం మొదలుపెట్టింది.