ఆదివారం చిట్టా

కరక్కాయ కలిపిన గేదెపాల వాసన మీకు వీధి మొదట్లోనే ఎదురొస్తుంది. శ్రీకాళహస్తిలో కలంకారీ ఇల్లు ఎక్కడని ఎవరినీ అడగక్కర్లేదు, ఆ వాసన వెంట నడిస్తే చాలు. వరండాలో దండెం మీద నూలుబట్ట లేత పసుపు తేలి ఆరుతోంది. దాని కింద నుంచి వంగి లోపలికి వెళ్తారు.

ఆదివారం, సాయంత్రం ఐదు. ఆ ఇంటి కలంకారీ కళాకారిణి అప్పుడే కలం కడిగి పక్కన పెట్టింది. వెదురుపుల్ల చుట్టూ ఉన్న ఉన్ని ఇంకా తడిగానే ఉంది. ఆమె గోళ్ల సందుల్లో కసిం నలుపు. ఇనుప తుక్కూ బెల్లమూ రోజుల తరబడి నీళ్లలో ఊరితే వచ్చే ఆ నలుపు సబ్బుకు లొంగదు. చాప మీద పొడుగాటి చిట్టా పుస్తకం, ఒక ఫోను, చింతబొగ్గు ముక్కలున్న గిన్నె. ఆమె తమ్ముడు గోడకానుకుని కూర్చున్నాడు. నాయన పీట లాక్కుని గుమ్మం దగ్గర, వెలుతురు పడే చోట కూర్చున్నాడు.

“వారమంతా గీస్తాం. ఈ గంట మాత్రం గీసింది ఎట్లా అమ్ముకుంటున్నామో చూసుకుంటాం. మీరూ కూర్చోండి,” అంటుంది ఆమె.

నాయన పని నేర్చుకున్న కాలంలో ఈ గంట అవసరం రాలేదు. 1957లో అఖిల భారత హస్తకళల మండలి ఈ ఊళ్లో శిక్షణ కేంద్రం పెట్టింది. కమలాదేవి చట్టోపాధ్యాయ చూపిన శ్రద్ధతో, ఆరిపోబోయిన కళ మళ్లీ నిలబడింది. పని ఎంపోరియంల నుంచీ, ప్రదర్శనల నుంచీ వచ్చేది. 2008లో ఈ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పచెట్టికి పద్మశ్రీ కూడా వచ్చింది. కలంకారీకి పేరు లేకపోవడం కాదు కష్టం. ఆ పేరునే మిషను మీద అచ్చేసిన బట్టకు తగిలించి ప్రతి బజారులో అమ్ముతున్నారు. మచిలీపట్నం కలంకారీలో చెక్క అచ్చుల పని సంగతి వేరు, అదీ చేతి కష్టమే. మిషను బట్టతోనే గొడవంతా. అందుకే కలం పట్టినవాళ్లు తమ పని ఏమిటో వారం వారం చెప్పుకోవాల్సి వస్తోంది. చెప్పింది ఎవరి చెవిన పడిందో కూడా వాళ్లే చూసుకోవాలి.

తమ్ముడు ఫోను తెరుస్తాడు. “అక్కా, పట్టాభిషేకం గీసిన బట్ట ఫొటోకు తొమ్మిది వందల లైకులు...”

“లైకులు తర్వాత చెప్దువు. దాన్ని చూసి అడిగినోళ్లు ఎంతమంది?”

అతను వేలితో పైకీ కిందికీ జరుపుతాడు. ఒక్కరూ లేరు.

ఆమె చిట్టాలో సున్నా వేస్తుంది. పేజీని నిలువుగా మూడు గడులు చేసి ఉంది: చేసింది, వచ్చింది, ఆగింది. బొగ్గుతో గీసిన గీతలు, ఇంట్లో స్కేలు కనబడదు. మీరు ముందుకు వంగి చూస్తారు. ఈ వారం పెట్టినవి మూడే. పట్టాభిషేకం ఫొటో ఒకటి. ఆరేసిన దుపట్టాల ఫొటో ఒకటి. మూడోది, తమ్ముడు ఏదో సరదాకు తీసిన అరనిమిషం వీడియో: గంగాళంలో బట్ట ఉడుకుతుంటే, పటిక రాసిన చోటల్లా ఎరుపు పైకి తేలడం.

“దీనికి లైకులు రెండొందలు కూడా దాటలేదు,” అంటాడతను.

“దాచుకున్నోళ్లు?”

“అరవై నాలుగు మంది. వేరే వాళ్లకు పంపినోళ్లు ముప్పై. మెసేజీలు పదకొండు.”

ఆమె పెన్ను ఆగిపోతుంది. ఆ వీడియో మరోసారి పెట్టమంటుంది. మీరూ చూస్తారు. పొగ, కట్టెల మంట, కర్రతో బట్టను తిప్పే నాయన చేయి, తెల్లగా ఉన్న పువ్వు రేకు మెల్లగా ఎర్రబడటం. మిషను బట్ట దగ్గర చూపించడానికి ఇటువంటిదేమీ లేదు. పదకొండు మందీ అడిగింది దాదాపు ఒకటే: ఇది నిజంగా చేత్తో చేసిందేనా, ఎంత?

ఇక్కడి నుంచి పని నిదానమవుతుంది. పదకొండు మెసేజీలనూ ఒక్కొక్కటిగా తెరుస్తారు. ఐదుగురికి జవాబు వెళ్లింది రెండు రోజుల తర్వాత. ఇద్దరికి తమ్ముడు ధర ఒక్కటే రాసి ఊరుకున్నాడు. బట్ట ఏమిటో, ఎన్ని రోజుల పనో రాయలేదు. వాళ్లు “బజార్లో ఆరు వందలకే ఉంది కదా” అని వెళ్లిపోయారు. బెంగళూరు నుంచి ఒకావిడ రెండు దుపట్టాలు అడిగి, ఖాతా నంబరు పంపమంది. పంపలేదు. డల్లాస్‌లో ఉన్న తెలుగావిడ గృహప్రవేశానికి గోడకు వేలాడదీసే దశావతారాల బట్ట కావాలంది, ఎన్నాళ్లకు చేరుతుందని అడిగింది. ఆ ప్రశ్న మంగళవారం నుంచి అట్లాగే ఉంది.

తమ్ముడు తల దించుకుంటాడు. “నేను కాలేజీ నుంచి వచ్చేసరికి...”

“నిన్ను అనడం లేదురా. నేనూ చూడలేదు కదా.”

అప్పటిదాకా మాట్లాడని నాయన గొంతు సవరించుకుంటాడు. “పటిక పెట్టినప్పుడు బట్ట మీద ఏమీ కనపడదమ్మా. ఏ రేకు వదిలేసినామో ఉడికినాకే తెలిసేది. ఇదీ అంతే. ఎక్కడ వదిలేసినామో రాసుకో, తిట్టుకుంటా కూర్చోవద్దు.”

ఆమె ‘ఆగింది’ గడిలో రాయడం మొదలుపెడుతుంది. జవాబు ఆలస్యం, ఐదు. ధరకు వివరం లేదు, రెండు. ఖాతా పంపలేదు, ఒకటి. డల్లాస్, ఈ రాత్రే. మీ కళ్ల ముందే వారం నిజరూపం పేజీ మీదికి వస్తుంది. జనం చూడలేదన్నది అబద్ధం. వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర నిలబడి వెనక్కి పోయారు.

తమ్ముడికి ఉత్సాహం పుడుతుంది. రోజుకో వీడియో చేద్దాం, డబ్బులు కట్టి ప్రకటన వేద్దాం, ఇంగ్లీషులోనూ పెడదాం అంటాడు. ఆమె చేయి అడ్డం పెడుతుంది. ఈ వారం ఫోను మీద గడిచిన గంటలు పక్కన రాసి ఉన్నాయి: తొమ్మిది. ఆ తొమ్మిది గంటల్లో ఒక దుపట్టా అంచంతా గీయొచ్చు. “మార్చేది ఒక్కటే. నాలుగు మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో వచ్చే ఆదివారం మనకే తెలీదు.”

ఆ ఒక్కటీ జవాబు. ముగ్గురూ కలిసి దాన్ని అక్కడే అల్లుతారు. నూలుబట్ట, కరక్కాయ కలిపిన పాలలో తడిపింది, గీత కలంతో గీసింది, అందుకే గీత మందం అంతటా ఒకేలా ఉండదు, ఇన్ని రోజుల పని, ఇంత ధర, ఇన్నాళ్లకు పంపుతాం. నాయన ‘గీత మందం’ మాట దగ్గర ఆపి మరోసారి చదివించుకుంటాడు. తమ్ముడు దాన్ని వాట్సాప్ బిజినెస్‌లో సిద్ధంగా ఉండే జవాబుగా దాచుతాడు. రాత్రి ఎనిమిదికి అరగంట, రోజూ, ఆ రోజు అడిగినవాళ్లందరికీ ఆ రోజే. ఆ తర్వాత ఫోను ముట్టుకోరు.

డల్లాస్ ఆవిడకు జవాబు మాత్రం అక్కే మాటల్లో చెప్పి పంపుతుంది. ఆలస్యానికి మన్నించమంటుంది, గృహప్రవేశం తేదీ అడుగుతుంది, ఆ తేదీకి అందదనిపిస్తే ముందే చెప్తానంటుంది. మాట పూర్తయ్యాక ఫోను బోర్లా పెట్టేస్తుంది.

చీకటి పడుతోంది. దండెం మీద బట్ట ఆరింది, నాయన దాన్ని మడతలు పడకుండా చుట్టి భుజాన వేసుకుంటాడు. రేపు ఉదయాన్నే ఉడికించిన బట్టల ఉతుకు. స్వర్ణముఖిలో నీళ్లుంటే అక్కడ, లేకపోతే బోరు దగ్గర. మీరు లేచి చెప్పులు వేసుకుంటూ ఉండగా ఆమె వెనక నుంచి పిలుస్తుంది.

“అడగడం మరిచినా. మా ఇల్లు మీకెట్లా తెలిసింది?”

స్నేహితుల ఇంట్లో గోడ మీద ఒక బట్ట చూశామనీ, ఆరేళ్ల కిందట హైదరాబాదులో ప్రదర్శనలో కొన్నామని వాళ్లు చెప్పారనీ మీరంటారు. ఆమె తమ్ముడి వైపు చూస్తుంది. అతను అటక మీద నుంచి పాత బిల్లుబుక్కుల కట్ట దించుతాడు. కార్బన్ కాగితాల మీద వెలిసిపోయిన పేర్లు, నంబర్లు. ఎన్నడూ ఎవరూ మళ్లీ పలకరించని మనుషులు.

“ఆ స్నేహితుల పేరు చెప్పండి,” అంటూ ఆమె చిట్టా మళ్లీ తెరిచి, కొత్త పేజీ మీద బొగ్గుతో నిలువు గీత గీస్తుంది.